ఏసీ1200 గిగాబిట్ రూటర్: చాలాకాలం వాడాక

బెజవాడ పటమట అపార్ట్‌మెంట్లలో ఎక్కడ ఫోన్ తీసినా వైఫై పేర్ల చాంతాడు కనిపిస్తుంది. అలాంటి చోట డబుల్ బెడ్‌రూం ఫ్లాట్‌కి, 200 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్‌కి ఈ రూటర్ సరిపోతుంది. సెట్టింగులు మాత్రం మనం మార్చుకోవాలి.

రూటర్ రెండు బ్యాండ్లలో, అంటే రెండు రేడియో తరంగాల శ్రేణుల్లో, వైఫై ఇస్తుంది. పేరులోని 1200 అనేది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 300 ఎంబీపీఎస్, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 867 కలిపి గుండుగుత్తగా వేసిన లెక్క. ఫోన్ ఒకసారికి ఒక బ్యాండ్‌నే పట్టుకుంటుంది కాబట్టి ఆ అంకె ఎవరికీ రాదు. హాల్లో 5 మీద ప్లాన్ స్పీడ్ మొత్తం వస్తోంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు రెండు దాటేసరికి ఫోన్ 2.4కి దిగిపోతుంది. "నెట్ స్లో" అని ఇంట్లో వాళ్లు అనేది ఆ గదిలోనే.

ఒక్కో బ్యాండ్‌ని చానెళ్లనే చిన్న భాగాలుగా విడగొడతారు. 2.4లో ఒకదానిపై ఒకటి పడని చానెళ్లు 1, 6, 11 మాత్రమే. చానెల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్‌లో ఉంటే పక్క ఫ్లాట్ల సిగ్నల్ అంతా మీద పడుతుంది. దాన్ని 20కి తగ్గించి, వైఫై ఎనలైజర్ యాప్‌లో చూసి ఈ మూడింట్లో ఖాళీగా ఉన్నది పెట్టాను. స్పీడ్ టెస్ట్ అంకె పెద్దగా మారలేదు, వీడియో కాల్స్ తెగడం మాత్రం ఆగిపోయింది. నా లెక్కలో అదే అసలు లాభం. 5లో 80 మెగాహెర్ట్జ్ ఉంచి, చానెల్ 36 గానీ 149 గానీ పెట్టండి. సెక్యూరిటీ సెట్టింగులో డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ అనే రక్షణ పద్ధతి ఉండాలి. పాత పద్ధతి టీకేఐపీలో ఉంటే లింక్ 54 ఎంబీపీఎస్ దాటదు.

నెట్ వాళ్లకి కంప్లైంట్ ఇచ్చేముందు స్పీడ్ వరసగా కొలవండి. మొదట ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో ఫైబర్ మోడెంకి, తర్వాత రూటర్‌కి తగిలించి చూడాలి. వైఫై సంగతి ఆఖరున. కేబుల్ మీద సరిగ్గా 94 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతోందంటే ఎక్కడో పోర్టు గిగాబిట్ (1000) బదులు 100 మీద పనిచేస్తోంది. గిగాబిట్‌కి కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కావాలి. క్రింపింగ్‌లో, అంటే కేబుల్ చివర ప్లగ్ బిగించడంలో, ఒక్కటి వదులైనా వందకి పడిపోవచ్చు. మోడెం దగ్గరే తక్కువ వస్తే దాని స్టేటస్ పేజీలో ఆప్టికల్ పవర్, అంటే ఫైబర్‌లో వచ్చే వెలుగు బలం, చూడండి. మైనస్ 27 డీబీఎం (ఆ బలాన్ని కొలిచే యూనిట్) కంటే కిందికి పోయిందంటే లైన్‌లోనే లోపం. టీవీ వెనక ఫైబర్‌ని మడిచి దోపినా ఇలాగే అవుతుంది.

వైఫై మీద రూటర్‌కే పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే చిన్న పరీక్ష) పెట్టి చూడటం ఇంకా తేలిక. కొద్ది మిల్లీసెకన్లలో జవాబు రావాలి. వందల్లోకి ఎగిరిపోతుంటే తప్పు నెట్ వాళ్లది కాదు, ఇంట్లోదే.

బీరువా పక్కన, టీవీ వెనక రూటర్ పెట్టొద్దు. ఐదారడుగుల ఎత్తులో, గదులన్నిటికీ మధ్యలో ఉంటే మంచిది. బెజవాడ మే నెల వేడికి మోడెం మీద రూటర్‌ని పేర్చి షోకేస్‌లో మూసిపెడితే రూటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంటుంది. రెండింటినీ విడదీసి, గాలి ఆడేలా ఉంచాలి. కరెంటు పోతే రెండింటికీ బ్యాకప్ కావాలి. మినీ యూపీఎస్ కొనేముందు అడాప్టర్ల మీద వోల్టులు, ఆంపియర్లు చదవండి.

చివరి గదికి రిపీటర్ (వైఫై సిగ్నల్‌ని అందుకుని ముందుకు పంపే పెట్టె) కొనొద్దు. ఒకే బ్యాండ్‌లో తీసుకుని మళ్లీ అదే బ్యాండ్‌లో పంపుతుంది కాబట్టి స్పీడ్ సగానికి పడిపోతుంది. క్యాట్6 రకం ల్యాన్ కేబుల్ లాగి, ఇంకో రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (కేబుల్‌తో వచ్చిన నెట్‌ని వైఫైగా ఇవ్వడం మాత్రమే చేసేలా), అదే పేరు, అదే పాస్‌వర్డ్‌తో, వేరే చానెల్‌లో పెట్టండి.