జర్మనీ పేపర్లకి ద్వారకానగర్ కన్సల్టెన్సీ ప్యాకేజీ: 3 స్టార్లు, అవి కూడా ఒక్క మేడమ్‌కే

పోయినేడు స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం వచ్చింది. పేపర్ల పనంతా మేమే చూసుకుంటాం, మీరు పెట్టె సర్దుకోండి చాలు అన్నారని ద్వారకానగర్లో ఒక కన్సల్టెన్సీలో 38,000 కట్టి ప్యాకేజీ తీసుకున్నా. ఇప్పుడు సెలవుకి వైజాగ్ వచ్చా కాబట్టి తీరిగ్గా రాస్తున్నా. పేరు మాత్రం చెప్పను. డైమండ్ పార్క్ నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా ప్రతి మెట్ల మొదట్లో ఇలాంటి బోర్డే ఉంటుంది, దాదాపు ఇదే ప్యాకేజీ అమ్ముతారు, ఎక్కడికెళ్ళినా మీకు పనికొస్తుంది.

ముందు మంచి చెప్తా. అక్కడ ఫైళ్ళు చూసే మేడమ్ ఒకావిడున్నారు, యాభై దాటుంటాయి. పదో తరగతి మెమో, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), పాస్‌పోర్టు మూడూ టేబుల్ మీద పక్కపక్కన పరిచి, చెక్క స్కేలు ఒకటి పెట్టి లైను లైనూ కిందకి జరుపుకుంటూ చూశారు, మధ్యలో ఫోన్ మోగినా ఎత్తలేదు. చివరికి కళ్ళజోడు తీసి "ఏటి బాబూ, ఇక్కడ ముగ్గురు మనుషులున్నారు?" అన్నారు. నిజమే, మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంది, డిగ్రీలో ఒక్క అక్షరం పెట్టి చుక్క పెట్టారు, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, ఇంటిపేరుతో సహా అంతా గివెన్ నేమ్‌లోనే కుక్కేశారు. కాలేజీలో ఉన్నప్పుడు నెట్ సెంటర్ వాడు నింపిన ఫారం అది, నేను చూసుకోను కూడా లేదు. మనవాళ్ళలో సగం మందిది ఇదే కథ.

మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్ళి సర్‌నేమ్ విడిగా వేయించుకుని పాస్‌పోర్టు రీఇష్యూ చేయించుకో అన్నారు. ఫీజు 1500, తత్కాల్ అయితే పైన ఇంకో 2000. ఇప్పుడెందుకండీ టైమ్ వేస్ట్ అని గొణిగా, ఆవిడ వినలేదు, అది అయితేగానీ ఫైలు ముట్టుకోనన్నారు. జర్మనీ వెళ్ళాక తెలిసింది, బ్యాంకు, ఇన్సూరెన్సు, రెసిడెన్స్ కార్డు, అన్నిట్లోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఎక్కిస్తారు. నాతోపాటు చేరిన నెల్లూరు కుర్రాడికి ఆ గడి ఖాళీ, పాపం వాడికి ఇప్పటికీ ఒక్కో ఆఫీసు నుంచి ఒక్కో పేరుతో ఉత్తరం వస్తుంది.

ఇక మిగతా ప్యాకేజీ. డిగ్రీకి, బర్త్ సర్టిఫికెట్‌కి, మ్యారేజ్ సర్టిఫికెట్‌కి అపోస్టిల్ (కాగితం అసలైనదే అని వేరే దేశాల్లో చెల్లేలా విదేశాంగ శాఖ అంటించే స్టిక్కర్) చేయించాలి అని ఒక్కోదానికి 3500 చొప్పున లెక్కేశారు. విదేశాంగ శాఖ అపోస్టిల్ ఫీజు కాగితానికి 50 రూపాయలు, మిగతాదంతా తిప్పినందుకు. సరే తిరగడానికి ఖర్చులుంటాయి, అది కాదు నా బాధ. ఒకరి స్టిక్కర్ ఇంకొకరు ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందంలోకి మన దేశం 2005లో వచ్చింది గానీ మనల్ని ఒప్పుకోం అని జర్మనీ అభ్యంతరం పెట్టి కూర్చుంది, అంటే మన స్టిక్కర్ అక్కడ చెల్లదు. అక్కడి ఆఫీసుకి మన సర్టిఫికెట్ మీద అనుమానం వస్తే వాళ్ళ ఎంబసీ ద్వారా ఇక్కడే వెరిఫై చేయించుకుంటారు. ఇటలీకో ఫ్రాన్స్‌కో వెళ్ళేవాళ్ళకైతే ఆ స్టిక్కర్ పనికొస్తుంది, నాకేం పనికొచ్చిందండీ? వీసా అప్లికేషన్లు తీసుకునే హైదరాబాద్ వీఎఫ్ఎస్ కౌంటర్లో అమ్మాయి దానివైపు చూడను కూడా లేదు. 10,500 పోయాయి.

అంతకంటే పెద్ద దెబ్బ పోస్ట్ ల్యాండింగ్ సపోర్ట్. దిగాక నెల రోజులకి రూమ్ వాళ్ళే బుక్ చేశారు, రూమ్ బాగానే ఉంది, కిటికీలోంచి ట్రామ్ కనిపిస్తుంది. కానీ జర్మనీలో ఇంట్లో చేరిన రెండు వారాల్లో ఆ ఊరి ఆఫీసుకెళ్ళి అడ్రస్ రిజిస్టర్ చేయించుకోవాలి, దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు, చేయించుకోకపోతే 1000 యూరోల దాకా జరిమానా వేయొచ్చు. దానికి ఇంటి ఓనర్ సంతకం పెట్టిన కాగితం కావాలి. మా ఓనర్ని అడిగితే అది నేనివ్వను, ముందే చెప్పా కదా అన్నాడు. ఎవరికి చెప్పాడు? ఈ కన్సల్టెన్సీ వాళ్ళకి! రిజిస్ట్రేషన్ లేకపోతే 11 అంకెల టాక్స్ నంబర్ రాదు, అది ఇవ్వకపోతే ఆరో టాక్స్ క్లాస్ కింద జీతం కోస్తాం అని కంపెనీ హెచ్ఆర్ అంటుంది, అంటే అన్నిటికన్నా ఎక్కువ కోత. వీళ్ళకి వాట్సాప్ పెడితే రెండు రోజులకి "నోటెడ్ సర్" అని వచ్చింది. అంతే సపోర్ట్. చివరికి ఆఫీసులో ఒక తెలుగాయన తన ఫ్లాట్‌లో గది ఇచ్చి, ఓనర్‌తో మాట్లాడి ఆ కాగితం ఇప్పించారు.

ఇంకోటి కూడా ఎవరూ చెప్పలేదు, పోస్టు డబ్బా మీద మన పేరు లేకపోతే ఉత్తరాలు వెనక్కి పోతాయి. ఆ టాక్స్ నంబర్ వచ్చేదేమో పోస్టులోనే. నా ఇంటిపేరు ఇంగ్లీషులో పదమూడు అక్షరాలు, డబ్బా మీద పట్టక రెండు లైన్లలో రాసి టేపు అంటించా. పేరు పెట్టాక వచ్చిన మొదటి ఉత్తరం ఏంటంటే టీవీ రేడియో రుసుము కట్టు అని, ఇంటికి నెలకి 18.36 యూరోలు. నాకు టీవీయే లేదు మొర్రో అన్నా కట్టాల్సిందే.

మొన్న ఆ కన్సల్టెన్సీ ఆఫీసుకి వెళ్ళా. ఓనర్ కొత్త క్యాలెండర్ చేతిలో పెట్టి "ఫైవ్ స్టార్ ఇవ్వండి సార్" అన్నారు. అపోస్టిల్ సంగతి అడిగితే "సేఫ్టీకి సార్" అంట. మేడమ్ మాత్రం నన్ను చూడగానే "కార్డు మీద పేరెలా పడింది బాబూ, ఏదీ చూపించు" అని స్కేలు తీశారు. ఒక్క అక్షరం తేడా లేదు.

ఫైలు చెకింగ్ ఒక్కటే అయితే 1500 తీసుకుంటారట, బోర్డు మీద రాయరు, మీరే అడగాలి. ఆవిడ శనివారం రారు, చూసుకుని వెళ్ళండి.