మైన్‌స్వీపర్: అదృష్టం ఎక్కడ మొదలవుతుంది?

మైన్‌స్వీపర్ అదృష్టం మీద నడిచే ఆట అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కావలి నుంచి ఒంగోలుకు ఉద్యోగానికి రైల్లో తిరుగుతూ ఏళ్ల తరబడి ఆడుతున్నాను. అదృష్టం పాలు ఉన్న మాట నిజమే. కానీ చాలామంది తమ ఆలోచన ఆగిన చోటే అదృష్టం మొదలైందనుకుంటారు. నిజానికి అది ఇంకా చాలా దూరాన ఉంటుంది, ఆటలోని రుచంతా ఆ మధ్య దూరంలోనే ఉంది.

గళ్ల పటంలో కొన్ని గళ్ల కింద మైన్లు, అంటే బాంబులు, దాగి ఉంటాయి. వాటిని తెరవకుండా మిగతా గళ్లన్నీ తెరవాలి. నియమం ఒక్కటే. గడి తెరిస్తే కనిపించే అంకె, దాని చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లలో ఎన్ని మైన్లున్నాయో చెబుతుంది. 1992లో విండోస్ 3.1తో పాటు రావడంతో కంప్యూటర్ ఉన్న ప్రతిచోటికీ ఈ ఆట చేరింది. నిపుణుల స్థాయిలో 30×16 గళ్లు, 99 మైన్లు. అంటే దాదాపు అయిదు గళ్లకు ఒకటి.

కొత్తవాళ్లు ముందుగా పట్టుకోవలసింది 1-2-1 వరుస. తెరవని గళ్ల వరుసను ఆనుకుని ఈ మూడు అంకెలు పక్కపక్కన ఉన్నాయనుకోండి. 2కు ఎదురుగా ఉన్న గడిలో మైన్ ఉందనుకుంటే, ఆ 2 నిండడానికి ఎడమనో కుడినో ఇంకొకటి కావాలి. అప్పుడు ఆ పక్కనున్న 1కి రెండు మైన్లు తగులుతాయి. అది కుదరదు. కాబట్టి మైన్లు రెండు 1లకు ఎదురుగానే ఉంటాయి, 2 ఎదుటి గడిని నిర్భయంగా తెరవొచ్చు. ఇందులో ఊహకు చోటెక్కడ?

అసలు పరీక్ష ఆ తర్వాత వస్తుంది. సింగరాయకొండలో ఎక్కే కుర్రవాడొకడు ఓసారి ఫోన్ నా ముందు పెట్టాడు. ఒక 1కి రెండు తెరవని గళ్లు మిగిలాయి, ఇంకో 1కీ రెండే మిగిలాయి. వాటిలో ఒక గడి రెండింటికీ ఉమ్మడి. "ఇక లెక్క లేదన్నా, సగం సగమే. దేవుడి మీద భారం వేసి నొక్కడమే" అన్నాడు.

"ఆగు తమ్ముడూ, అది సగం సగం కాదు" అన్నాను. ఉమ్మడి గడిలో ఒక్క మైన్ ఉంటే రెండు అంకెలూ తీరిపోతాయి. లేదంటే అటూ ఇటూ చెరొకటి, మొత్తం రెండు ఉండాలి. నిపుణుల స్థాయిలో మైన్ ఉన్న గళ్ల కంటే లేనివి దాదాపు నాలుగు రెట్లు. అందువల్ల ఒక్క మైన్‌తో సరిపోయే అమరికకే నాలుగు రెట్లకు దగ్గరగా అవకాశం ఉంటుంది. ఉమ్మడి కాని పక్క గడి తెరవడం సుమారు అయిదింట నాలుగు పాళ్లు క్షేమం. తెరిచాడు, అంకె వచ్చింది. టంగుటూరు దాటేలోగా ఆ మూలంతా ఖాళీ అయింది. అక్కడ మైన్ పేలినా నా సలహా మాత్రం మారేది కాదు.

మొదటి నొక్కుడుకూ ఇలాంటి లెక్కే ఉంది. మొదటి గడిలో మైన్ ఉండదు కాబట్టి, చుట్టూ మైన్లేవీ లేక, పొరుగు గళ్లు వాటంతటవే తెరుచుకుని చోటు విచ్చుకుంటుందా లేదా అన్నదే ప్రశ్న. నిపుణుల స్థాయిలో మూల గడికి ఆ అవకాశం దాదాపు సగం, నడిమి గడికి ఆరింట ఒక వంతు కూడా ఉండదు. మూలకు పొరుగు గళ్లు మూడే కదా! (కొత్త విండోస్ రూపాల్లో మొదటి నొక్కుడుకే చోటు విచ్చుకుంటుంది, అక్కడ ఈ బెంగ లేదు.)

2000లో రిచర్డ్ కే అనే గణితజ్ఞుడు, ఒక మైన్‌స్వీపర్ పటంలోని అంకెలు ఒకదానితో ఒకటి పొసగుతాయో లేదో తేల్చడం ఎన్‌పీ-కంప్లీట్ కోవకు (ఎంత పెద్దదైనా వేగంగా తేల్చే పద్ధతి ఇంతవరకూ ఎవరికీ దొరకని లెక్కల కోవకు) చెందిన సమస్య అని నిరూపించారు. అంత లోతున్న ఆటను జూదంతో జమకట్టడం నాకు బాధగానే ఉంటుంది.

ఇక ఏది ఆడాలి? నేర్చుకునేవాళ్లకు సైమన్ టాథమ్ పజిళ్ల సంకలనంలోని 'మైన్స్' చెబుతాను. డబ్బు కట్టనక్కరలేదు, ప్రకటనలు ఉండవు. మొదటి నొక్కుడు తర్వాత ఊహ అవసరం లేకుండా పూర్తయ్యేలా పటాన్ని తయారుచేస్తుంది. అక్కడ ఇరుక్కుంటే అదృష్టం మీద నెట్టడానికి వీల్లేదు, ఇంకా ఆలోచించవలసింది మిగిలి ఉందనే అర్థం. నాకు ఓపిక నేర్పింది అదే. అంతకుముందు వాడిన ఓ ఉచిత యాప్‌లో ఆట ఆటకూ ప్రకటన అడ్డొచ్చేది, వేలు కాస్త జరిగితే, మైన్ ఉందని గుర్తుగా జెండా పెట్టబోయిన గడి తెరుచుకునేది. దాన్ని తీసేశాను.

చేయి తిరిగాక మాత్రం పాత పద్ధతి ఆటకే రండి, పాళ్లు తూచే ఆనందం అక్కడే ఉంది. మిగిలిన మైన్ల సంఖ్యను చివరి దాకా చూస్తూ ఉండండి, రెండు అమరికల్లో ఏది నిజమో చాలాసార్లు అదే తేలుస్తుంది. అదీ తేల్చని జంటలు ఉంటాయి. మూలన రెండే గళ్లు, ఒకే మైన్, చుట్టూ ఉన్న ప్రతి అంకె ఆ రెంటినీ కలిపే లెక్కిస్తుంది. బయటి నుంచి ఏ సమాచారమూ అక్కడికి చేరదు. అలాంటిది కనిపిస్తే చివరికి దాచుకోకుండా అప్పుడే తెరిచేయండి. పోయేదైతే అప్పుడే పోతుంది, మిగతా పటం మీద పెట్టబోయే శ్రమైనా దక్కుతుంది.