హవాయి వాల్కనోస్ నేషనల్ పార్క్: లావా కనపడకపోయినా వెళ్లండి, కిలవేయా ఇకి మాత్రం వదలొద్దు

5 స్టార్లు. హవాయిలో ఈ పార్క్ ఉన్న బిగ్ ఐలాండ్ దీవికి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒకటే అండి, గంటలో వ్యూపాయింట్ దగ్గర ఫోటో దిగి వచ్చేయకండి. చాలామంది ఎర్ర లావా చూద్దామని వస్తారు, అది రోజూ ఉండదు, లేనిరోజు వస్తే "పొగ తప్ప ఏం లేదు" అని పెదవి విరిచి వెళ్లిపోతారు, నాకు నిజంగా బాధేస్తుంది.

కిలవేయా ఇకి అనే అగ్నిపర్వత గుంట (క్రేటర్) లోకి వెళ్లే ట్రెయిల్ దిగండి. పైనంతా ఓహియా చెట్లు, తడి అడవి, దాదాపు 120 మీటర్లు కిందకి దిగేసరికి ఒక్కసారిగా ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లటి నేల. 1959 నవంబర్‌లో ఇక్కడి గోడ పగిలి లావా 580 మీటర్ల ఎత్తుకి చిమ్మింది, అలా ఆగుతూ మొదలవుతూ 36 రోజులు, ఆ లావా ఈ గుంటలో చెరువులా నిండి గడ్డకట్టింది, మనం నడిచేది దానిమీదే. వానపడితే పగుళ్లలోంచి ఇప్పటికీ ఆవిరి వస్తుంది. పక్కన పూ పుఆయి అనే గుట్ట కూడా అప్పుడు ఎగిరిపడ్డ ముక్కలు పేరుకుని తయారైందే, అంటే ఆ కొండ మా నాన్నగారికన్నా చిన్నది!

తర్వాత కిలవేయా అగ్నిపర్వతం పైనున్న హలెమావుమావు క్రేటర్ అంచుకి వెళ్లండి. అక్కడ నిండింది, ఇక్కడ కుంగింది. 2018లో కిందున్న మాగ్మా, అంటే కరిగిన రాయి, భూమిలోపలే తూర్పుకి పోయి ఇదే దీవిలోని పూనా అనే ప్రాంతంలో ఇళ్లమధ్య బయటికొచ్చింది, 700 పైగా ఇళ్లు పోయాయి, ఇక్కడేమో కింద ఖాళీ అయిపోయి క్రేటర్ అడుగు 500 మీటర్ల దాకా దిగిపోయింది. స్కూల్లో అంతర్జనిత బలాలు (భూమి లోపల పుట్టే బలాలు) అని బట్టీపట్టాం కదా, అవి ఇంత పని చేస్తాయని అంచున నిలబడితేగానీ అర్థంకాలేదు. మాది రాజమండ్రి. మా వైపు కాటేరు, పంగిడి క్వారీల్లో తీసే నల్లరాయి కూడా లావానే, దక్కన్ లావాల నాటిది, సుమారు 6.6 కోట్ల ఏళ్లు. చిన్నప్పటినుంచి చూసిన రాయి ఎలా పుట్టిందో ఇక్కడే తెలిసింది.

ఎంట్రీకి క్యాష్ తీసుకోరు, కార్డ్ పెట్టుకోండి. 1200 మీటర్ల ఎత్తు కాబట్టి చలి, వాన, జాకెట్ తప్పనిసరి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి మోకాళ్ల నొప్పులుంటే డివాస్టేషన్ ట్రెయిల్ చాలు, చదునైన దారి. ఆస్తమా ఉన్నవాళ్లు బయల్దేరేముందు పార్క్ సైట్‌లో గాలి ఎలా ఉందో చూసుకోండి, గంధకం పొగ ఎక్కువుంటే ఇబ్బంది. రాళ్లు జేబులో వేసుకోకండి, అక్కడివాళ్లకి అది పెలే అనే అగ్నిపర్వత దేవత చోటు.