పాత వెబ్‌సైటుకు మరమ్మతా, కొత్త సైటా: గద్వాల చీరల దుకాణానికి ఏది మేలు?

గద్వాలలో చీరలు నేయించి అమ్మే ఒక దుకాణానికి పది, పన్నెండేళ్ల కిందట చేయించిన వెబ్‌సైటు ఉందనుకుందాం. పై అంచున 'స్వాగతం' అనే అక్షరాలు కుడి నుంచి ఎడమకు పరుగెడుతుంటాయి. అడుగున ఎంతమంది వచ్చారో చూపే మీటరు ఉంటుంది. ఫోన్‌లో తెరిస్తే రాసినదంతా చీమల బారులా కనిపిస్తుంది. ఇటువంటి సైటుకు మళ్లీ జనాన్ని రప్పించాలనుకునే యజమాని ఉన్నదాన్ని మరమ్మతు చేయించవచ్చు, పునాదుల నుంచి కొత్తది కట్టించవచ్చు, లేదా సైటు గొడవే వద్దనుకుని గూగుల్ మ్యాప్స్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లతో నెట్టుకురావచ్చు.

ఖర్చు లేనిది కనుక చివరి దారి వైపే ఎక్కువమంది మొగ్గుతారు. అలంపురం జోగులాంబ దర్శనానికి వచ్చి, తిరుగు ప్రయాణంలో గద్వాలలో చీరలు కొందామనుకునే కుటుంబం దుకాణాన్ని మ్యాప్‌లోనే వెతుకుతుంది కాబట్టి, అక్కడ సరైన చిరునామా, వేళలు, ఫోన్ నంబరు, ఇటీవలి ఫొటోలు ఉండడం తప్పనిసరి. అయితే పరాయి స్థలంలో వేసుకున్న పందిరి మనది కాదు. గూగుల్ సంస్థ మ్యాప్‌లో కనిపించే వ్యాపారుల ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా ఇచ్చిన ఒక పేజీ వెబ్‌సైట్లను 2024 మార్చిలో మూసివేసింది. ఆ చిరునామాలను నొక్కినవారిని ప్రొఫైల్‌కు మళ్లించే ఏర్పాటు కూడా అదే ఏడాది జూన్ 10 వరకే సాగింది. ఆ చిరునామాను సంచుల మీద, విజిటింగ్ కార్డుల మీద అచ్చు వేయించుకున్నవారికి మిగిలినది పాత కాగితమే. ఇక ఇన్‌స్టాగ్రామ్‌లో ఈ రోజు పెట్టిన చీర నెల తిరిగేసరికి కొత్త ఫొటోల కింద పడిపోతుంది. కనుక మ్యాప్ ఉండాలి, కానీ అదొక్కటే చాలదు.

మరమ్మతుకూ కొత్త కట్టడానికీ మధ్య ఎంపికే అసలు చిక్కు. మరమ్మతుతో తీరే లోపాలు చాలామంది అనుకునే దానికన్నా ఎక్కువ. సైటుకు భద్రతా ధ్రువపత్రం లేకపోతే క్రోమ్ బ్రౌజర్ 2018 జులై నుంచి చిరునామా పక్కన సురక్షితం కాదనే హెచ్చరిక చూపుతోంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వంటి సంస్థ ధ్రువపత్రాన్ని ఉచితంగానే ఇస్తుంది కనుక దానికోసం సైటును కూలగొట్టనక్కరలేదు. కెమెరా నుంచి నేరుగా ఎక్కించిన బరువైన ఫొటోలను కుదించి, వెబ్‌పీ అనే తేలికైన ఫొటో రూపంలోకి మార్చినా వేగం బాగా పెరుగుతుంది. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలత.

అన్నిటికన్నా పెద్ద లోపం తెలుగు రాతలో ఉంటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. అప్పట్లో చాలా సైట్లలో తెలుగును యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి) కాని ఫాంట్లలో టైపు చేసేవారు, లేదా చీర వివరాలన్నీ బొమ్మగా మార్చి అతికించేవారు. మొదటి పద్ధతిలో రాసినది గూగుల్ వంటి వెతుకుయంత్రానికి అర్థం లేని ఇంగ్లిషు అక్షరాల గుంపు. రెండో పద్ధతిలో రాసినది వట్టి చిత్రం. అందువల్ల 'గద్వాల సీకో చీర' (పట్టూ నూలూ కలిపి నేసినది) అని తెలుగులో వెతికే మనిషికి, అదే చీర అమ్మే ఈ దుకాణం కనబడదు. ఆ రాతను యూనికోడ్‌లోకి మార్చి, ప్రతి ఫొటోకూ మాటల్లో వివరణ జోడించడం నాలుగైదు రోజుల పని. రంగులు మార్చడం కన్నా ఇది ఎన్నో రెట్లు లాభం.

మార్చేటప్పుడు 'నాణ్యతే మా ధ్యేయం' వంటి వాక్యాలను తీసివేసి, దుకాణంలో కూర్చున్న ఆడవారు అడిగే ప్రశ్నలకు జవాబులు రాయాలి. మధ్యభాగం నూలు అయినప్పుడు పట్టు అంచు, పట్టు కొంగు దానికి ఎలా కలుస్తాయి, అంచు పేకను (అడ్డపోగును) మధ్యభాగం పేకతో నేస్తూనే మెలివేసి కలిపే కుప్పడం పద్ధతి ఎటువంటిది, జరీ ఏ రకం, రవికె గుడ్డ కలిసి వస్తుందా, ఇంట్లో ఉతకవచ్చా అన్నవి ఒక్కొక్కటీ ఒక్కో పేజీకి సరిపడే విషయాలు. గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిందన్న సంగతీ, తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా గద్వాల నుంచి ఏరువాడ జోడు పంచెలు వెళ్తాయన్న సంగతీ ఊరివారికి కొత్త కాకపోవచ్చు, కానీ దూరాన ఉండి కొనేవారికి అవే ఆసక్తి కలిగిస్తాయి.

కొత్తది కట్టించక తప్పని పరిస్థితులూ లేకపోలేదు. కదిలే బొమ్మల కోసం ఒకప్పుడు వాడిన, 2020 చివరితో ఆగిపోయిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ మీద సైటు నడిచేదైతే, లేదా 2018 చివర భద్రతా సవరణలు నిలిచిపోయిన పీహెచ్‌పీ 5.6 (సైట్లను నడిపే ప్రోగ్రామింగ్ భాషలో ఒక పాత వెర్షన్) మీదే ఇంకా కూర్చుని ఉంటే, అతుకులు వేయడం డబ్బు దండగ. ఫోన్ తెరకు తగ్గని కొలతలతో గళ్లు గళ్లుగా కట్టిన పేజీలదీ అదే సంగతి, ఎందుకంటే గూగుల్ ఇప్పుడు ఫోన్‌లో కనిపించే రూపాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. ఒక చీర ధర మార్చడానికి హైదరాబాదులోని మనిషికి నాలుగుసార్లు ఫోన్ చేయాల్సి వస్తోందంటే, నా దృష్టిలో అది కూడా చాలినంత కారణమే.

కొత్త సైటులో ప్రమాదం పాత చిరునామాలను గాలికి వదిలేయడంలో ఉంది. ఏళ్ల తరబడి ఎవరెవరో ఇచ్చిన లింకులన్నీ పాత పేజీలకే వస్తాయి. వాటిని 301 అనే శాశ్వత దారిమళ్లింపుతో కొత్త పేజీలకు కలపకపోతే, పాత సైటు సంపాదించుకున్న పరపతి అంతా పోతుంది. ఆ మళ్లింపును కనీసం ఏడాదైనా ఉంచమని గూగుల్ చెబుతుంది. ఇంకొకటి: సైటు చిరునామా (డొమైన్) యజమాని పేరిట కాక, తయారుచేసిన వ్యక్తి పేరిట నమోదై ఉండడం మన ఊళ్లలో అరుదు కాదు. ఏ పని మొదలుపెట్టినా ముందు ఇది సరిచూసుకోవాలి.

మిర్యాలగూడలోని బియ్యం మిల్లుకు ఈ లెక్క వర్తించదు. అక్కడ కొనేవారు టోకు వ్యాపారులు, బేరం ఫోన్‌లోనే తెగుతుంది. రకాలు, లైసెన్సు వివరాలు, ఫోన్ నంబరు ఉన్న రెండు పేజీల కొత్త సైటు చాలు, పాతదాన్ని తవ్వి బాగుచేయడం అనవసరం. చీరల దుకాణానికి మాత్రం, పునాది కుళ్లిపోతే తప్ప, మరమ్మతే మేలని నా అభిప్రాయం. మిగిలిన డబ్బుతో పగటి వెలుగులో మంచి ఫొటోలు తీయించుకోవచ్చు. పెళ్లి ముహూర్తాలు లేని మూఢంలో గిరాకీ తక్కువ కనుక ఈ పనికి అదే అనువైన కాలం. మూఢంలో పని ఏమిటని ఇంట్లో ఎవరైనా సందేహిస్తే, కొత్త ఇంటి శంకుస్థాపనకే మూఢం అడ్డు గానీ పాత ఇంటి మరమ్మతుకు కాదని పెద్దలు చెబుతుంటారు కదా.