రెండు కంపెనీల రౌటర్ల మధ్య ఓఎస్‌పీఎఫ్ మేలా, బీజీపీ మేలా?

విజయవాడ ఆటోనగర్‌లో హెడ్డాఫీసు, గుంటూరు మిర్చి యార్డు దగ్గర బ్రాంచి. ఇటు సిస్కో కంపెనీ రౌటరు, అటు జూనిపర్ కంపెనీది, మధ్యలో ఈథర్‌నెట్ లీజ్డ్ లైను. రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతిని రూటింగ్ ప్రోటోకాల్ అంటారు, ఓఎస్‌పీఎఫ్, బీజీపీ అలాంటివే. దీని మీద ఏ ప్రోటోకాల్ నడపాలని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు.

ఒకటే లైను, రెండు మూడు సబ్‌నెట్లు ఉంటే స్టాటిక్ రూట్లు (చేత్తో రాసిపెట్టే దారులు) చాలు. బ్యాకప్ లైను వచ్చాక చాలవు. దారిలో ఫైబర్ తెగినా మన పోర్టు వెలుగుతూనే ఉంటుంది, రూటు కదలదు. సిస్కో సొంత ప్రోటోకాల్ ఈఐజీఆర్‌పీ 2016లో ఆర్‌ఎఫ్‌సీగా (అందరూ చదువుకోగల పత్రంగా) వచ్చినా సిస్కో బయట దాన్ని నమ్ముకోలేం.

ఇక మిగిలింది ఓఎస్‌పీఎఫ్, బీజీపీల మధ్య అసలు పోటీ. నా దృష్టిలో తేల్చేది వేగం కాదు, రెండు పెట్టెలకూ పొత్తు కుదరడం. ఓఎస్‌పీఎఫ్‌కి హలో, డెడ్ టైమర్లు (ఎన్ని సెకన్లకోసారి పలకరించాలి, ఎంతసేపు పలకకపోతే అవతలిది లేదనుకోవాలి), ఏరియా (రౌటర్ల గుంపు నంబరు), ఆథెంటికేషన్ అన్నీ రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఎంటీయూ (ఒక ప్యాకెట్ ఎంత పెద్దదిగా ఉండొచ్చనే హద్దు) దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు. సిస్కో ఐఓఎస్‌లో 1500 బైట్లు అంటే 14 బైట్ల ఈథర్‌నెట్ హెడర్ కాకుండా. జూనిపర్‌లో ఇంటర్‌ఫేస్ ఎంటీయూ ఆ 14 బైట్లతో కలిపి 1514. అక్కడా 1500 అని కొడితే ఐపీకి మిగిలేది 1486. పింగ్ వెళ్తుంది, నైబర్ (అవతలి రౌటరు) కనిపిస్తుంది, కానీ ఎక్స్‌స్టార్ట్ (రూట్ల వివరాలు ఇచ్చిపుచ్చుకోవడానికి ముందు మెట్టు) దాటదు. పోయిన నెల ఒక బ్రాంచిలో ఇదే వెతుకుతూ నాకు రాత్రి పదకొండయింది. ఎంటీయూ పట్టించుకోవద్దని చెప్పే కమాండు ఉంది గానీ, అది పుండు మీద గుడ్డ కప్పడమే.

బీజీపీ అలా మొండికెయ్యదు. హోల్డ్ టైమ్ (అవతలి నుంచి కబురు లేకపోయినా ఓపిక పట్టే సమయం) సిస్కోలో 180 సెకన్లు, జూనిపర్‌లో 90 ఉంటే తక్కువదానికి ఒప్పుకుని సెషన్ లేస్తుంది. టీసీపీ మీద నడుస్తుంది కాబట్టి ప్యాకెట్ సైజు కూడా చిన్నవైపుకే సర్దుకుంటుంది. ఎంటీయూ తేడా ఎలాగూ సరిచెయ్యాల్సిందే, లేకపోతే పెద్ద ఫైళ్లు ఆగిపోతాయి. కానీ ఈలోగా సెషన్ నిలిచే ఉంటుంది కాబట్టి ఆ పని వీలు చూసుకుని చేసుకోవచ్చు. పైగా ఎవరి నుంచి ఏ రూటు తీసుకోవాలో ఫిల్టరు పెట్టొచ్చు, బ్రాంచిలో జరిగిన తప్పు హెడ్డాఫీసుకి పాకదు.

లోపం ఒకటుంది: లైను తెగిందని తెలియడానికి 90 సెకన్లంటే కౌంటర్‌లో బిల్లు కొట్టేవాళ్లకి చాలా సేపు. ఓఎస్‌పీఎఫ్ మామూలుగా 40 సెకన్లలోనే పసిగడుతుంది. అందుకే రెండు పెట్టెల్లోనూ బీఎఫ్‌డీ (లైను తెగితే చప్పున పసిగట్టే ప్రోటోకాల్) ఉంటే అది పెట్టండి, లేకపోతే బీజీపీ కీపలైవ్, హోల్డ్ టైమర్లు 10, 30 సెకన్లకి దించండి.

నేనైతే లింకు మీద 64512 నుంచి మొదలయ్యే ప్రైవేటు ఏఎస్ నంబర్లలో (బీజీపీలో ఒక్కో నెట్‌వర్కుకి ఇచ్చే గుర్తింపు) రెండింటితో ఈబీజీపీ (వేర్వేరు ఏఎస్‌ల మధ్య బీజీపీ) పెడతాను. బ్రాంచి లోపల రౌటర్లు ఎక్కువైతే అక్కడికి మాత్రం ఓఎస్‌పీఎఫ్.