కంపెనీ స్పాన్సర్‌షిప్పా, ఊరి చందానా?

నల్లగొండలో సొంత పాటలు కట్టి పాడే నాకు ఈ రెండే దారులు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. అందులో సంప్రదాయ కళలకూ చోటుంది. స్టేజీ, సౌండ్, బస అన్నీ వాళ్లే చూస్తారు. ఒకసారి ఒప్పుకున్నా. బోరునీళ్ల పాట వద్దన్నారు! మర్రిగూడ వైపు బోరునీళ్లలోని ఫ్లోరైడ్‌తో నడుములు వంగిన మనుషుల్ని చూస్తూ పెరిగా. ఆ పాట వదిలేసి ఏం పాడాలి? పైగా కంపెనీలకు భూమి, కరెంటు రాయితీలు అందేది మన పన్నుల సొమ్ముతోనే.

చందాతో మైకు అద్దె కూడా రాదు, నిజమే. కానీ ఏ పాటా ఆపమనరు. ఒక అవ్వ పది రూపాయలు చేతిలో పెట్టి, "మళ్లొక్కసారి పాడు బిడ్డా" అంది. నేను చందా వైపే. రికార్డింగ్‌కు ఇంకా డబ్బులు జమ చేస్తున్నా.