జారుడు తలుపుల వార్డ్‌రోబ్: రోలర్లు మార్చి నాలుగైదేళ్లు వాడాక

స్లైడింగ్ తలుపులు వదులైతే చాలామంది కార్పెంటర్ల నోట ముందుగా వచ్చే మాట, "సెట్టు మొత్తం మార్చాలండీ" అని. మా పడకగది వార్డ్‌రోబ్ విషయంలోనూ అదే మాట విన్నాం. నేను మాత్రం కింది రోలర్లు, పై గైడ్లు మార్చి ఊరుకున్నాను. నాలుగైదేళ్లుగా ఇంటిల్లిపాదీ రోజూ తీసి మూస్తున్న తలుపులివి. పెట్టిన ఖర్చుకు పూర్తి న్యాయం జరిగిందనే చెబుతాను. అద్దం బిగించిన తలుపు ఒక్కటే ఇప్పటికీ అసంతృప్తి.

తలుపు వదులైందంటే లోపం ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి. మాది కింది ట్రాక్ మీద నడిచే రకం. బరువంతా అడుగున ఉండే రెండు రోలర్లే మోస్తాయి, పై గైడ్లు తలుపును నిటారుగా పట్టి ఉంచుతాయి. పై అంచు ముందుకూ వెనక్కూ ఊగుతుంటే గైడ్లు అరిగినట్టు. మూసినప్పుడు పైన ఆనుకుని కింద సందు మిగిలితే, లేదా కింద ఆనుకుని పైన మిగిలితే, ఒకవైపు రోలర్ దిగిపోయినట్టు. రెండోదానికి కొత్త సామాను అక్కర్లేదు. తలుపు కింది మూలలో చిన్న స్క్రూ ఉంటుంది. సగం చుట్టు తిప్పి, తలుపు మూసి సందు చూడాలి, మళ్లీ సగం చుట్టు తిప్పాలి. ఎటు తిప్పితే లేస్తుందన్నది ఒక్కో తయారీలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి తొందర పనికిరాదు.

మా తలుపు విప్పి చూస్తే అసలు సంగతి బయటపడింది. రోలర్ ఇరుసుకు పొడవాటి వెంట్రుకలు, చీరల నుంచి ఊడిన దారపు పోగులు బిగుసుకుపోయి, చక్రం తిరగడమే మానేసింది. తిరగని చక్రాన్ని ట్రాక్ మీద ఈడ్చడంతో నైలాన్ ఒకవైపు చదునుగా అరిగిపోయింది. తలుపు తోసినప్పుడల్లా వినిపించే టకటకకు కారణం అదే. అలా అరిగిన చక్రాన్ని ఎంత శుభ్రం చేసినా లాభం లేదు, మార్చాల్సిందే.

విప్పడానికి ఇద్దరు మనుషులు కావాలి. ముందున్న తలుపును పైకెత్తి, అడుగు భాగాన్ని మన వైపు లాగితే ఊడి వస్తుంది. ఆ తర్వాతే లోపలి తలుపు. పాత రోలర్‌ను చేతిలో పట్టుకుని హార్డ్‌వేర్ షాపుకు వెళ్లడం ఉత్తమం. చక్రం వ్యాసం, అంచున ఉన్న గాడి ఆకారం, స్క్రూ రంధ్రాల మధ్య దూరం, ఈ మూడూ కలవాలి. నేను బాల్ బేరింగ్ ఉన్నవే తీసుకున్నాను. మామూలు వాటికంటే ధర బాగా ఎక్కువే. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా మా అమ్మ ఒంటి చేత్తో తలుపు జరపగలుగుతోందంటే, ఆ తేడా ఎక్కడికి పోయిందో తెలుస్తూనే ఉంది.

చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు తలుపులకు ఇంకో చిక్కుంది. స్క్రూ రంధ్రం పొడిపొడిగా రాలి, మర పట్టదు. తలలు తుంచిన అగ్గిపుల్లలను ఫెవికాల్‌లో ముంచి రంధ్రం నిండా దూర్చి, ఒక రోజు ఆరనిచ్చి, పైకి మిగిలింది కోసేసి స్క్రూ బిగించాను. ఆ పట్టు ఇప్పటికీ సడలలేదు. పట్టు కోసం పొడవాటి స్క్రూ వాడాలనిపిస్తుంది కానీ, 18 మిల్లీమీటర్ల పలకలో 16 మిల్లీమీటర్లు దాటితే మొన అవతలి సన్‌మైకాను చీల్చుకుని బయటికి రావచ్చు.

ఇక అద్దం తలుపు. 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ తలుపు 20 నుంచి 25 కిలోలు తూగుతుంది. 5 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకు పన్నెండున్నర కిలోలు. తలుపు నిండా అద్దం బిగిస్తే బరువు దాదాపు రెట్టింపవుతుంది. ప్యాకెట్ మీద ఎన్ని కిలోలు మోస్తుందో రాసి ఉన్న రోలర్లే కొనండి, తలుపు బరువు కంటే కాస్త ఎక్కువకే కొనండి. మా అద్దం తలుపుకు అలాంటివే వేసినా ఏడాదికోసారి సర్దుబాటు స్క్రూ బిగించక తప్పడం లేదు.

బాత్‌రూమ్ గోడ పక్కనున్న తలుపు వర్షాకాలంలో నడుమ ఉబ్బుతుంది. దానికి బయటివైపే సన్‌మైకా ఉంది, లోపల ఉత్త రంగు. రెండు వైపులా ఒకేలా అతికించని పలక తేమకు వంగుతుంది, దాన్ని ఏ రోలరూ సరిచేయలేదు. కొత్తగా వార్డ్‌రోబ్ చేయించుకునేవారు ఈ ఒక్క విషయంలో కార్పెంటర్‌తో గట్టిగా మాట్లాడండి.

నిర్వహణ పెద్దగా ఏమీ లేదు. పాత టూత్‌బ్రష్‌తో ట్రాక్ మూలలు దులిపి, వ్యాక్యూమ్ పెట్టి, చక్రాలకు కాస్త సిలికాన్ స్ప్రే కొడతాను. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వద్దు. వాటికి దుమ్ము అంటుకుని జిగటగా గట్టిపడుతుంది. ట్రాక్ సొట్టపడితే మాత్రం కార్పెంటర్‌ను పిలవండి. కొత్త ట్రాక్ తిన్నగా పడకపోతే మంచి రోలర్లు కూడా అరిగిపోతాయి. పై గైడ్లు ఒక జత అదనంగా కొని ఉంచుకోవడం మేలు, ఆ మోడల్ తర్వాత దొరకకపోవచ్చు.